పాత డబ్బాలో కొత్త సీసా

ఇంజెక్షన్ ఇచ్చాక అరగంట కూర్చోబెట్టండి. ఇంత రాత చదివే ఓపిక లేనివాళ్లు ఈ ఒక్క మాట పట్టుకెళ్లినా నాకు చాలు. ఓపిక ఉన్నవాళ్లకు ఆ మాట నాకెలా వంటబట్టిందో చెబుతాను. ఇందులో నేను చేసిన ఒక తప్పు ఉంది. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిన తప్పు. ఆ మనిషి ఇప్పుడు నారాయణగూడలో నిక్షేపంగా ఉన్నాడు, మొన్ననే చూసొచ్చాను, కాబట్టి గుండె చిక్కబట్టుకుని చదవక్కర్లేదు.

నా పేరు భ్రమరాంబ. నర్సుని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో మా నాన్నగారు బందరు నుంచి ఉద్యోగానికని వచ్చి చిక్కడపల్లిలో దిగారు. నేను ఆ సందుల్లోనే పెరిగాను. పెద్దాసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా చేసి, మోకాళ్లు మొరాయించాక, ఇంటికి దగ్గరని ఒక ఎలర్జీ క్లినిక్‌లో చేరాను. 2014లో అక్కడే రిటైరయ్యాను. వచ్చిన సర్టిఫికెట్ల గురించి, రాని ఇంక్రిమెంట్ల గురించి ఇక్కడ రాయను. వాటి వల్ల ఎవరికీ ఊపిరి ఆడలేదు.

మా గది

క్లినిక్ ఒక స్టీలు సామాన్ల షాపు మీద మొదటి అంతస్తులో ఉండేది. కింద బిందె దొర్లితే పైన పేషెంటు ఉలిక్కిపడేవాడు. నా గదిలో ఒక మంచం, రెండు కుర్చీలు, గోడ గడియారం, మందుల ఫ్రిజ్. వరండాలో ఒక పొడుగాటి బల్ల. ఆ బల్ల మీద సగం మంది అశోక్‌నగర్ హాస్టల్ పిల్లలే. గ్రూప్స్ పరీక్షలకని జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. చిన్న గదిలో ఆరుగురు, ఆరు పాత పరుపులు, ఒక కిటికీ. పొద్దున లేవగానే ఇరవై తుమ్ములు, మధ్యాహ్నం దాకా ముక్కు కారడం. చేతిలో ఒక పుస్తకం, ఒక రుమాలు.

పరుపుల్లో, దిండ్లలో కంటికి కనపడని పురుగులుంటాయి. మన ఒంటి మీంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. వాటి రెట్ట దుమ్ములో కలిసి ముక్కులోకి పోతుంది. మనలో చాలామందికి ఏమీ కాదు. కొందరి ఒళ్లు మాత్రం దాన్ని శత్రువనుకుని యుద్ధం మొదలుపెడుతుంది. తుమ్ములు, దగ్గు, ఆయాసం అన్నీ ఆ యుద్ధమే. మా క్లినిక్‌లో చేసేది ఏమిటంటే, ఆ పురుగుల నుంచి తీసిన సారాన్నే బాగా పలచన చేసి, వారం వారం చేతికి చర్మం కింద ఇవ్వడం. వారానికి కొంచెం పెంచుతూ పోతాం. ఒక స్థాయికి వచ్చాక అదే మోతాదు నెలకొకసారి చొప్పున మూడేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ.

ఏ వస్తువు పడదో అదే ఇస్తున్నాం. అందుకే ఈ పనిలో మిగతా ఇంజెక్షన్ల ధీమా పనికిరాదు. నేను చేరిన కొత్తలో ఈ సంగతి నా బుర్రకు ఎక్కలేదు. సూదులు గుచ్చడంలో నాకు ఒకరు నేర్పేదేముందిలే అనుకున్నాను.

డాక్టరు గారి చాదస్తాలు

మా డాక్టరు సదాశివరావు గారు కరీంనగర్ వైపు మనిషి. బక్కపల్చటి ఒళ్లు, ఒంటినిండా కోపం. కోపం ముదిరితే ఉర్దూలోకి దిగేవారు. ఆయనకు నాలుగు చాదస్తాలుండేవి. ఇంజెక్షన్‌కు ముందు గొట్టంలో ఊదించి ఆ రోజు ఊపిరి ఎలా ఉందో చూడాలి. కిందటి డోసు ఏ రోజు వేశామో అడగాలి, ఆలస్యమైతే తగ్గించాలి. పాత సీసా అయిపోయి కొత్తది తెరిస్తే మొదటి డోసు సగమే ఇవ్వాలి, ఎందుకంటే తెరిచిన సీసా నెలలు గడిచేకొద్దీ పస తగ్గుతుంది, కొత్తది నిండు పసతో ఉంటుంది. నాలుగోది అరగంట.

అరగంట కోసం ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఇంజెక్షన్ కాగానే నేను పేషెంటు మణికట్టు మీద బాల్‌పెన్నుతో వెళ్లాల్సిన టైము రాయాలి. చీటీ ఇస్తే పారేస్తారని ఆయన అనుమానం. చిక్కడపల్లి టిఫిన్ సెంటర్లలో మణికట్టు మీద నీలం అంకెలు కనిపిస్తే, సూదుల డాక్టరు దగ్గర్నుంచి వచ్చారా అని అడిగేవాళ్లు.

ఒకసారి ఒక బ్యాంకు మేనేజరు గారు తనకు మీటింగ్ ఉందని లేచారు. చెయ్యి గుంజుకుని, చదువుకున్నవాణ్ని, చిన్నపిల్లాడిలా చేతి మీద రాతలేమిటన్నారు. డాక్టరు గారు తలుపు దగ్గర నిలబడి అన్నారు, "సార్, మీ లాకర్‌కు రెండు తాళాలెందుకు పెట్టిండ్రు? మీ మీద నమ్మకం లేకనా? కాదు గద. ఇదీ గంతే. జర కూసోండి."

మేనేజరు గారు కూర్చున్నారు. నాకు మాత్రం లోపల నవ్వొచ్చింది. రెండేళ్లుగా చూస్తున్నాను, అరగంటలో ఎవరికీ ఏమీ అవలేదు. అయినా రాశాను, కూర్చోబెట్టాను. నమ్మకంతో కాదు, డాక్టరు గారి నోటికి జడిసి.

కొత్తగా చేరే నర్సులకు ఇంకొక సంగతి. ఎన్ని రోజులైంది అని అడగకండి, ఏ రోజు వేయించుకున్నావు అని అడగండి. బంద్‌లు జోరుగా ఉన్న రోజుల్లో ఒక హాస్టల్ అమ్మాయి ఊరికి వెళ్లి రెండు నెలలు ఉండిపోయింది. తిరిగొచ్చి, తిడతామన్న భయంతో, రెండు వారాలేనంది. కార్డులో తేదీ చూసి పట్టుకున్నాను. పిల్లలు అబద్ధం ఆడతారని కాదు, మనం తిట్టేట్టు కనిపిస్తే ఎవరైనా ఆడతారు.

యాదగిరి అడిగిన ప్రశ్న

2010లో యాదగిరి వచ్చాడు. ముప్ఫై దాటిన వయసు, నల్గొండ జిల్లా. నారాయణగూడలో ఒక సందులో చిన్న పరుపుల షాపు. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టివ్వడం అతని పని. అశోక్‌నగర్ హాస్టళ్ల పరుపులన్నీ ఏడాదికొకసారి అతని దగ్గరికే వెళ్లేవి. అంటే మా పిల్లలు తుమ్మే దుమ్మంతా చివరికి అతని ముక్కులోకే. చర్మం మీద పరీక్ష చేస్తే పురుగుల సారం పెట్టిన చోట అర్ధరూపాయి బిళ్లంత దద్దురు లేచింది.

డాక్టరు గారు పని మార్చుకోమన్నారు. యాదగిరి తల అడ్డంగా ఊపాడు.

"ఇది తప్ప నాకు ఏం రాదు సార్. పన్నెండేండ్ల సంది గిదే చేస్తున్న. ఇద్దరు పిల్లలు. జర మందే ఇయ్యుండ్రి."

మాస్కు కట్టుకోవడం, ఆయాసం మందు క్రమం తప్పకుండా పీల్చడం అనే షరతు మీద ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. మూడో వారమో నాలుగో వారమో, మణికట్టు మీద అంకెలు చూసుకుంటూ బల్ల మీద కూర్చుని నన్నడిగాడు.

"అక్కా, ఒక మాట అడుగుత, నవ్వొద్దు. దినాం కిలో దుమ్ము మింగుతున్న. దాంతోటి రోగమొచ్చింది. మీరు గదే దుమ్ము చుక్కంత ఇచ్చి తక్కువైతదంటున్నరు. గదెట్ల?"

నేను నవ్వలేదు, ఎందుకంటే నాకూ తెలియదు. ఇంకా ఉంది అతని ప్రశ్న. అతనికి పని నేర్పిన ఉస్తాద్ ఖాజా మియా నలభై ఏళ్లుగా అదే దుమ్ములో ఉన్నాడు, ఏనాడూ తుమ్మలేదు. "ఆయనకెందుకు కాలె, నాకెందుకైంది?"

డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కోపిష్టి అన్నాను గాని, ఇలాంటి ప్రశ్న అడిగితే మనిషి మారిపోయేవారు. పెన్ను పక్కన పెట్టేశారు.

"మీ సందుల అపార్ట్‌మెంట్‌కు కొత్త వాచ్‌మన్ వచ్చిండనుకో. పేపర్ వేసేటాయన్ని చూసి దొంగ అని విజిల్ తీసి సీటీ కొడ్తడు. అందరు లేచి ఉరుకుతరు, కుర్చీలు విరుగుతయ్. దొంగ లేడు, నష్టమంత ఉరికినోళ్లతోటే. నీ ఆయాసం గదే. ఇప్పుడు మేం ఏం చేస్తున్నమంటే, గా పేపరాయన్ని పద్ధతిగ, చెప్పిన టైముకు, గేటు ముంగట నిలవెడుతున్నం. మొదలు దూరంగ, తర్వాత దగ్గరగ. కొన్నాళ్లకు లోపల పెద్దమనుషులు తయారైతరు, ఆగుర్రి, ఈయన మనోడే అని నెమ్మది చేసేటోళ్లు."

తర్వాత నా కోసం అసలు మాటలో చెప్పారు. రక్తంలో కొన్ని కణాలు యుద్ధం ఆపమని కబురు పంపేవి ఉంటాయి. మెల్లగా పెంచుకుంటూ, మళ్లీ మళ్లీ ఇస్తే అవి పెరుగుతాయి. వాటితోపాటు కొత్త రకం ప్రతిరక్షకాలు పుడతాయి. పాతవి దుమ్మును చూడగానే సీటీ కొట్టే రకం. ఈ కొత్తవి ముందే వెళ్లి ఆ దుమ్ము కణాన్ని పట్టుకుంటాయి, సీటీ కొట్టేవాళ్ల దాకా పోనివ్వవు. ఖాజా మియా లాంటివాళ్లకు అసలా పేచీయే పెట్టుకోని ఒళ్లు పుట్టుకతో వచ్చి ఉండొచ్చు, లేదా ఈ పాఠం దానంతటదే వచ్చి ఉండొచ్చు. తేనెపట్లు పెంచేవాళ్లలో కొందరు అన్నిసార్లు కుట్టించుకుని కుట్టించుకుని చివరికి వాపు రాకుండా అయిపోతారట. అందరికీ అలా అవదు. ఎవరికి అవుతుందో ముందుగా చెప్పే మార్గం తమ దగ్గర లేదని ఆయన ఒప్పుకున్నారు.

"అయితే నా ఒళ్లు జర మొద్దు అన్నట్టు," అన్నాడు యాదగిరి.

"మొద్దు కాదురా. జర ఎక్కువ హుషారు. నెమ్మది నేర్పాలె."

ఏడాది దాటేసరికి ఆ నెమ్మది కొంత వచ్చింది. పీల్చే మందు సగానికి తగ్గింది. గొట్టంలో ఊదితే ముల్లు అతను మొదట ఎన్నడూ చూడని అంకె దాకా వెళ్లేది. ప్రతి నెలా ఆ అంకె వాళ్లావిడ సువర్ణకు ఫోన్లో చెప్పేవాడు, పరీక్ష మార్కులు చెప్పినట్టు.

ఆ సోమవారం

2012 ఎండాకాలం. కరెంటు కోతలు. ఫ్రిజ్ రోజుకు రెండుసార్లు ఆగిపోయేది. ఐస్ గడ్డలు పెట్టి కాపాడుకునేవాళ్లం గాని, లోపలి సీసాల పస మీద నాకు అనుమానంగానే ఉండేది.

ఒక్కొక్క పేషెంటుకు ఒక్కొక్క సీసా, ఆ సీసాకు ఒక అట్టడబ్బా. డబ్బా మీద పేరు, కార్డు నంబరు, మోతాదు నేనే రాసేదాన్ని. ఇక్కడ నా సొంత తెలివి ఒకటి ఉంది. కొత్త సీసా వచ్చినప్పుడు దాని కొత్త డబ్బా మీద అదంతా మళ్లీ రాయాలి. డెబ్భై, ఎనభై మందికి రాయడమంటే విసుగు. అందుకని పాత డబ్బా చిరగకపోతే కొత్త సీసాను అందులోనే పెట్టేసేదాన్ని. మొదటి డోసు సగం అన్న సంగతి గుర్తుంటుందిలే అన్న ధీమా. అన్నేళ్లలో ఎప్పుడూ మర్చిపోలేదు కూడా.

ఒక శనివారం యాదగిరి కొత్త సీసా వచ్చింది. పాత సీసాలో ఇంకొక డోసు మిగిలి ఉంది. అది అవగొట్టాక కొత్తది తెరుద్దామని, పాత సీసాను ఫ్రిజ్ తలుపు అరలో నిలబెట్టి, కొత్త సీసాను అతని పాత డబ్బాలో పెట్టాను. ఆదివారం సెలవు. సోమవారం పొద్దున వరండా నిండా జనం, కరెంటు లేదు, చెమట. యాదగిరి వచ్చాడు. ఊదించాను, బాగుంది. ఏ రోజు వేయించుకున్నావన్నాను, సరిగ్గా చెప్పాడు. డబ్బా తీశాను. నా చేతిరాతే, నలిగిన పాత డబ్బా. సీసా తీసి, నిండు డోసు ఇచ్చాను. మణికట్టు మీద పదకొండూ ఇరవై అని రాశాను.

పది నిమిషాలకే లేచాడు.

"అక్కా, నేను పోత. గాంధీనగర్ల హాస్టలోళ్లు ట్రాలీ ఆటో పట్టుకుని నిలవడ్డరు. నలభై పరుపులున్నయ్."

"పదకొండూ ఇరవై అని రాశాను కదా. కూర్చో."

"ఎప్పుడన్న ఏమన్న అయ్యిందా అక్కా? రెండేండ్ల సంది కూసుంటున్న."

అతను అన్నది నిజమే. నేనూ అదే అనుకునేదాన్ని. వెళ్లమని నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో లోపల్నుంచి డాక్టరు గారి దగ్గు వినపడింది. ఆయన చూస్తే నా పని అయినట్టే అనిపించి, "కూర్చో యాదగిరీ, నన్ను తిట్టించకు," అన్నాను. గొణుక్కుంటూ కూర్చున్నాడు.

ఇంకో ఏడెనిమిది నిమిషాలకు అరచేతులు గోక్కోవడం మొదలుపెట్టాడు.

"ఏందో అక్కా, చేతులు మస్తు దురద పెడుతున్నయ్."

చూశాను. మెడ మీద ఎర్రగా దద్దుర్లు. పెదవి ఒక పక్క ఉబ్బుతోంది. "గొంతు పట్టినట్టయితుంది," అన్నాడు, ఆ మాటకే గొంతు బొంగురుపోయింది. డాక్టరు గారిని కేకేస్తూనే, ఇలాంటప్పుడు ప్రాణం నిలబెట్టే అడ్రినలిన్ మందు ట్రేలోంచి తీశాను. ఆయన రావడం, తొడ కండలోకి నేను ఇవ్వడం ఒకేసారి జరిగాయి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాం, ఆక్సిజన్ పెట్టాం. బీపీ పడిపోయింది. ఐదు నిమిషాలకు రెండో డోసు. ఆ ఐదు నిమిషాలూ అతను నా చెయ్యి వదల్లేదు. కళ్లు మాత్రం గోడ గడియారం మీద ఉన్నాయి.

తర్వాత మెల్లగా రంగు తిరిగింది. గొంతు తెరుచుకుంది. "నీళ్లు," అన్నాడు. ఆ మాట విన్నాకే నేను కుర్చీలో కూర్చున్నాను. తర్వాత ఒక రోజంతా ఆసుపత్రిలో ఉంచి పంపించారు.

పదకొండింటికి అతన్ని వెళ్లనిచ్చి ఉంటే ఏ ఫ్లైఓవర్ కిందో, ఆటోలో నలభై పరుపుల మధ్య పడిపోయేవాడు. ఎవరికీ ఏం జరిగిందో తెలిసేది కాదు.

ఫ్రిజ్ తలుపు అరలో

ఆ సాయంత్రం సర్దుతుంటే తలుపు అరలో పాత సీసా కనపడింది. అడుగున ఒక డోసు, అలాగే ఉంది. డబ్బా తెరిచి చూశాను. కొత్త సీసా, ఒక్క డోసు తగ్గి ఉంది. అక్కడే నిలబడిపోయాను.

డాక్టరు గారికి తెలియదు. ఒక్కోసారి కారణం లేకుండానే ఇలా అవుతుంది, ఇతని ఒంటికి ఈ వైద్యం పడదు అని ఆయన అనుకున్నారు. కార్డు మీద ఎర్ర సిరాతో, శాశ్వతంగా ఆపాలి అని రాశారు. నేను ఆ పాత సీసాను చెత్తబుట్టలో వేస్తే కథ అక్కడితో అయిపోతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, బుట్ట దాకా వెళ్లాను. రిటైర్మెంటు రెండేళ్లలో ఉంది. ముప్ఫై ఏళ్లకు పైగా ఒక్క మాట పడలేదు. వెయ్యలేదు, చెప్పనూ లేదు. సీసాను చేతి సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లిపోయాను.

బుధవారం పొద్దున యాదగిరి సువర్ణతో వచ్చాడు. డాక్టరు గారి గదిలో కూర్చున్నారు. నేను బీపీ చూస్తున్నాను. డాక్టరు గారు మందుల చీటీ రాస్తూ, ఇంజెక్షన్లు ఇక వద్దన్నారు. సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే షాపు బంద్ చేస్త సార్," అన్నాడు యాదగిరి. "ఎట్లనో తక్కువైతుందని సంబురపడ్డ. నా ఒళ్లే మంచిది కాదు, మీరేం జేస్తరు. నా నసీబు."

బీపీ మిషన్ గాలి తీసేశాను. అతను తన ఒంటిని తిట్టుకుంటుంటే నేను నిలబడలేకపోయాను. చేతి సంచిలోంచి పాత సీసా తీసి బల్ల మీద పెట్టాను.

"నీ ఒంటి తప్పు కాదు యాదగిరీ. నాది. కొత్త సీసా నిండు డోసు ఇచ్చేశాను. సగం ఇవ్వాల్సింది. డబ్బా పాతది, చూసుకోలేదు."

డాక్టరు గారి మొహం చూడలేదు నేను. ఉర్దూ కోసం ఎదురుచూశాను. రాలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. ఆయన లేచి వెళ్లి, ఫ్రిజ్‌లోంచి ఆ డబ్బా తెచ్చి, నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. కార్డు మీది ఎర్ర సిరాను చాలాసేపు చూశారు. యాదగిరి, సువర్ణ లేచి వెళ్లిపోయారు.

ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. కాని వారం రోజులు ఆయన నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆ వారం తర్వాత నేనే అన్నాను, "సార్, బ్యాంకు లాకర్‌కు రెండు తాళాలన్నారు. మన ఫ్రిజ్‌కు ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే." ఆయన కోపంగా చూసి, తర్వాత తల ఊపారు. నియమం ఆయనదే, కాని దాన్ని నేను పాటిస్తున్నానో లేదో ఆయన ఏనాడూ చూడలేదు. ఆ తప్పు ఆయనదని ఇప్పటికీ అంటాను. ఆ రోజు నుంచి సీసా, కార్డు ఇద్దరం చూశాకే సిరంజిలోకి మందు ఎక్కేది. కొత్త సీసాకు కొత్త డబ్బా, దాని మీద ఎర్ర గీత. చెయ్యి నొప్పెట్టినా రాశాను.

పదో వంతు

ఆ తర్వాత నెల రోజులు యాదగిరి రాలేదు. డాక్టరు గారు రెండుసార్లు ఫోన్ చేసి, వైద్యం మళ్లీ మొదలుపెట్టొచ్చు, కాని నిర్ణయం నీదే అని చెప్పారు. నారాయణగూడ వైపు వెళ్లాల్సి వస్తే నేను చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. ఆ సందు చివర అతని షాపు తెరిచి ఉందో మూసి ఉందో చూసే ధైర్యం లేక.

ఒక పొద్దున బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను నమస్కారం కూడా పెట్టలేకపోయాను. అతనే మొదలుపెట్టాడు.

"పని నేర్సుకునేటప్పుడు ఒకసారి పరుపులనే సూది మర్సిపోయి కుట్టేసిన అక్కా. ఇంత పొడుగు సూది. గా పరుపు బాలింత ఇంటికి పోయింది. ఖాజా మియా తెలుసుకుని సైకిల్ మీద ఉరికి, మొత్తం విప్పి తీసిండు. ఏం కాలె. నన్ను ఎల్లగొడ్తడనుకున్న, ఎల్లగొట్టలె. అప్పట్నుంచి మా షాపుల సూదులు లెక్కవెట్టకుండ ఎవ్వరు లేవరు." చొక్కా చెయ్యి మడుచుకున్నాడు. "నువ్వు చెప్పకపోతే షాపు అమ్ముకుని పోతుంటి. సువర్ణ వద్దంటుంది. నేనే వొచ్చిన. కాని సూది నువ్వే ఇయ్యాలె. వేరేటోళ్లు వద్దు."

"నేనా?"

"నీకు ఇగ మర్సిపోవుడు రాదు."

డాక్టరు గారు పదో వంతు నుంచి మొదలుపెట్టమన్నారు. కొత్త డబ్బా, ఎర్ర గీత, ఇద్దరం చూశాం. ఇచ్చాక మణికట్టు మీద అరగంట కాదు, గంట రాశాను. ఆ గంటా అతని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దురదా? లేదు. గొంతు? మంచిగుంది. మళ్లీ అడిగాను. "అక్కా, నువ్వు గిట్ల చూస్తే నాకే భయమైతుంది," అన్నాడు. గంట అయింది. ఏమీ అవలేదు. అతను మెట్లు దిగి వెళ్లిపోయాక బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. నా ఉద్యోగం మొత్తంలో అంత హాయిగా ఏడ్చింది లేదు.

ఏమీ జరగకపోవడమే ఈ పనిలో ఫలితం. దాన్ని ఎవరికీ చూపించలేం. అందుకే కుర్రవాళ్లకు విసుగొస్తుంది, నాకూ వచ్చింది.

రెండేళ్ల తర్వాత, నేను రిటైరయ్యే ముందు, డాక్టరు గారు అతనికి చర్మ పరీక్ష మళ్లీ చేశారు. దద్దురు పూర్తిగా పోతుందని నేను ఆశపడ్డాను. పోలేదు, చిన్నదై మిగిలింది, శనగగింజంత. నా మొహం చూసి ఆయన అన్నారు, "పోదమ్మా అది. సీటీ ఇంకా వాచ్‌మన్ జేబులనే ఉంటది. కొట్టకుండ ఉండుడు నేర్సుకుండు, గంతే. గది చాలు."

మొన్న

రిటైరైన రెండు నెలలకు మా ఇంట్లో పాత పరుపు గడ్డలు కట్టింది. ఆటోలో వేసుకుని నారాయణగూడ వెళ్లాను. ఈసారి తిన్నగా వెళ్లాను.

షాపు తెరిచే ఉంది. దూది మిషన్ తిరుగుతోంది, సందంతా తెల్లగా ఎగురుతోంది. ఆ మధ్యలో మాస్కు కట్టుకుని యాదగిరి. నన్ను చూసి మిషన్ ఆపి, మాస్కు కిందికి లాగి, స్టూలు తుడిచి వేశాడు. నా పరుపు నా కళ్ల ముందే విప్పుతానన్నాడు. వద్దంటే వినలేదు. విప్పాడు. ఎన్నేళ్ల దుమ్మో, ఒక్కసారిగా గుప్పున లేచింది. అతను మాస్కు పైకి లాక్కోవడం మర్చిపోయి, చేతులతో దూది విడదీస్తూ పిల్లల చదువుల గురించి చెప్పుకుపోతున్నాడు. నేను తిట్టి మాస్కు పెట్టించాను. నా కళ్లు అతని మెడ మీద, పెదవి మీద, అరచేతుల మీద తిరుగుతున్నాయి. మధ్యమధ్య వాచీ చూసుకుంటున్నాను. చూసుకుంటున్నానని నాకే తెలియదు.

అతనికి తెలిసింది. పరుపుల గుడ్డ మీద గీతలు గీసే నీలం పెన్సిల్ తీసుకుని నా దగ్గరికి వచ్చి, "చెయ్యి ఇయ్యి అక్కా," అన్నాడు. ఇచ్చాను. నా మణికట్టు మీద నాలుగూ నలభై అని రాశాడు.

"అప్పటిదాక లేవొద్దు."

మిషన్ వేశాడు. దూది ఏకుతూనే ఉన్నాడు. నేను కూర్చున్నాను. పక్క షాపు నుంచి చాయ్ వచ్చింది, తాగాను. దుమ్ము ఎగురుతూనే ఉంది. అతను ఒక్కసారి కూడా తుమ్మలేదు. నేనే రెండుసార్లు తుమ్మాను.

నాలుగూ నలభైకి మిషన్ ఆపి, మాస్కు దించి, నా ఎదురుగా నిలబడ్డాడు.

"చూసినవ్ గద. ఏం కాలె. ఇగ ఇంటికి పో అక్కా."